పట్టేసిన పాత తోలు కుట్టుమిషనును విడిపించే పద్ధతి

చెప్పులు, బూట్లు, తోలుసంచులు కుట్టే సింగర్ 29కే మిషను పాతసామాను కొట్లో దొరికినప్పుడు, చాలాసార్లు దాని చక్రం వెంట్రుకవాసి కూడా కదలదు. పేరు చివరనున్న ‘కే’ అక్షరం స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ పట్టణంలో ఉండిన కిల్‌బౌవీ కర్మాగారానికి గుర్తు. ఆ కర్మాగారం 1980లో మూతపడింది కనుక, అక్కడ తయారైన మిషను ఏదైనా నలభై ఏళ్లు దాటినదే. అయితే కదలనంత మాత్రాన అది పాడైపోయిందని అనుకోనక్కరలేదు. నేను విప్పిన వాటిలో ఎక్కువ భాగం తుప్పువల్ల కాక, ఎండి గట్టిపడిన నూనెవల్ల పట్టేసినవే. ఈ రెండు జబ్బులకూ మందు ఒకటి కాదు కాబట్టి, పనిముట్టు చేతపట్టే ముందు ఏది పట్టేసిందో, దేనివల్ల పట్టేసిందో తేల్చుకోవాలి.

తోలు మిషనులో మురికి తీరే వేరు. దారానికి పూసిన మైనం, తోలు పొడి, ఏళ్ల తరబడి పోసిన రకరకాల నూనెలు కలిసి, కీళ్లలో చిక్కటి డికాక్షను రంగులో ఒక పూతగా గట్టిపడతాయి. మిషను నూనె అందుబాటులో లేనప్పుడు కొబ్బరినూనె వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది ఆ పూటకు పని జరిపిస్తుంది గానీ, చలికి పేరుకుంటుంది, కాలం గడిచేకొద్దీ దుమ్ముతో కలిసి జిగురవుతుంది. గోరుతో గీకితే లక్కలా పెళ్లలుగా లేచేది ఈ జిగురు. గుడ్డకు ఎర్రమట్టిలా అంటుకునేది తుప్పు.

ముందుగా సూది, దారం, కింది దారపు బాబిన్, ఆ బాబిన్‌ను మోస్తూ ఊగే షటిల్ తీసివేయాలి. విరిగిన సూదిముక్కో దారపు ఉండో షటిల్ కింద ఇరుక్కుని ఉంటే, అది తీయగానే సగం సమస్య తీరవచ్చు. తరువాత చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని, బలం పెట్టకుండా, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపి చూడాలి. పిసరంత కదలిక తెలిసినా చక్రపు ఇరుసు వదులుగానే ఉన్నట్టు. అడ్డు ఇంకెక్కడో ఉంది. అక్కడి నుంచి వరుసగా ఒక్కొక్క కీలు మీద వేలు ఆనించి, చక్రాన్ని మళ్లీ ఊపాలి. ఏ కీలు దగ్గర ఆ చిన్న కదలిక ఆగిపోయిందో అక్కడే పట్టేసింది. మిషను మొత్తాన్ని కిరసనాయిల్లో ముంచి వదిలేసే పద్ధతి నాకు నచ్చదు. ఈ పరీక్షకు పావుగంట పడుతుంది, మూడు రోజుల పని తగ్గిస్తుంది.

29కేలో సాధారణంగా పట్టేసే చోట్లు రెండు. మొదటిది తలభాగంలో ఉంటుంది. ఈ మిషనులో తోలును అదిమిపట్టే పాదం అన్ని వైపులకూ తిరుగుతుంది, తోలును ఎటు కావాలంటే అటు నడుపుతుంది. ఆ తిరిగే గుండ్రటి భాగంలోనూ, సూది కడ్డీ జారే రంధ్రంలోనూ జిగురు చేరుతుంది. రెండవది, బూటు లోపలికి దూరేలా ముందుకు సాగిన పొడవాటి మిషను చేతి కొస. చేతి లోపల ముందుకూ వెనక్కూ జరిగే పళ్లపట్టీ ఒక చిన్న పళ్లచక్రాన్ని తిప్పితే షటిల్ ఊగుతుంది. ఆ పళ్ల సందుల్లో తోలు పొడి నూనెతో కలిసి ముద్దగా కూరుకుపోతుంది. ఆ ముద్దను వెదురు పుల్లతో గీకి తీయాలి గాని, ఇనుప సూదితో కెలికితే పళ్లకు గీతలు పడతాయి.

జిగురు పట్టినచోట వేడి బాగా పనిచేస్తుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో ఆ భాగాన్ని చెయ్యి తాకి నిలువలేనంత వరకు వేడిచేసి, వెంటనే పల్చటి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేస్తే, లోహం చల్లారేటప్పుడు నూనె సందుల్లోకి దిగుతుంది. కాసేపటికి కీలు అంచున గోధుమరంగు చెమటలాంటిది ఊరుతుంది. దాన్ని తుడిచి, మళ్లీ వేడిచేసి, మళ్లీ నూనె వేయాలి. కిరసనాయిలు వాడదలిస్తే చల్లటి మిషను మీదే వాడాలి. కిరసనాయిలుకూ వేడికీ ఎప్పుడూ పొత్తు కలపకూడదు. నూనె రంధ్రాలు తోలు పొడితో మూసుకుపోయి ఉంటాయి కనుక, వాటిని ముందే సన్నటి తీగతో శుభ్రం చేయకపోతే పోసినదంతా పైనే నిలుస్తుంది.

తుప్పు పట్టినచోట ఓపిక కావాలి. కార్లలో పోసే ఆటోమేటిక్ గేర్ నూనెను, అసిటోన్‌ను సమపాళ్లలో కలిపి, అవి విడిపోతాయి కాబట్టి ప్రతిసారీ కుదిపి, చుక్కచుక్కగా వేసి ఒక పూట వదలాలి. అసిటోన్ రంగునూ, బంగారు అక్షరాల బొమ్మలనూ కరిగిస్తుంది; చుట్టూ గుడ్డ చుట్టాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, గాలి ఆడే చోట పనిచేయాలి. తరువాత ఇత్తడి కడ్డీ ఆనించి చిన్న సుత్తితో చాలా మెల్లగా, చాలాసార్లు తట్టాలి. మిషను ఒళ్లు పోత ఇనుము. వంగదు, పగులుతుంది, కనుక ఒక్క గట్టి దెబ్బ కంటే వంద చిరుదెబ్బలు మేలు. సూది కడ్డీని పటకారుతో తిప్పవలసి వస్తే మధ్యలో తోలుముక్క చుట్టాలి. స్ప్రింగులను వెనిగరు వంటి ఆమ్లంలో నానబెట్టరాదు. ఆమ్లంవల్ల పుట్టే హైడ్రోజన్ ఉక్కులో చేరి అవి పెళుసెక్కి విరగవచ్చు.

ఇక స్క్రూలు. సింగర్ వాడిన మరలు మామూలు మెట్రిక్ కొలతలవి కావు, హార్డ్‌వేర్ కొట్లో వాటి జత దొరకదు. అందుకే గాడి పాడైతే చాలా నష్టం. కొన్నేళ్ల క్రితం నేను కొస పలచబడిన స్క్రూడ్రైవర్‌తో షటిల్ మూత స్క్రూ తిప్పబోయి గాడిని చీల్చాను. చివరికి డ్రిల్లు పెట్టి తీయవలసి వచ్చింది, ఆ చిన్న స్క్రూ కోసం రెండు ఊళ్లు తిరిగాను. అప్పటి నుంచి స్క్రూడ్రైవర్ కొసను గాడి వెడల్పుకూ మందానికీ సరిపోయేలా ఆకురాయితో రుద్ది మొదలుపెడుతున్నాను. స్క్రూను ముందు వదులు వైపు కాక, బిగువు వైపు పిసరంత తిప్పి చూడాలి. పాత పట్టు అక్కడే తెగుతుంది. కదలకపోతే వేడి సోల్డరింగ్ కొసను తలమీద ఒక నిమిషం ఆనించి, చల్లారాక మళ్లీ ప్రయత్నించాలి.

విడిచిన మొదటి కదలికకు మోసపోయి చక్రాన్ని గిరగిరా తిప్పేయకూడదు. అరచుట్టు ముందుకు, అరచుట్టు వెనక్కు తిప్పుతూ, కారే మురికిని తుడుస్తూ, కిరసనాయిలు తెల్లగా వచ్చేవరకు కడగాలి. కిరసనాయిలు పాత నూనెనంతా కడిగేసి పోతుంది కాబట్టి, అదే రోజు ప్రతి రంధ్రంలోనూ తాజా మిషను నూనె వేయాలి, మర్నాడు మళ్లీ వేయాలి. చివరగా, సూది పెట్టకుండా చక్రాన్ని ఇరవై చుట్లు మెల్లగా తిప్పి, ఎక్కడైనా గట్టిగా తగులుతోందా అని చేతితో గమనించి, తరువాతే షటిల్, బాబిన్, సూది, దారం వరుసగా పెట్టి పనికిరాని తోలుముక్క మీద మొదటి కుట్టు వేయాలి.