కార్ ఆడియో మనమే నేర్చుకుందాం – 6వ పాఠం: సబ్‌కి తగ్గ యాంప్ (ముందు పోయినసారి లెక్క)

ఈ పాఠాన్ని నేరుగా గెయిన్ నాబ్ (వచ్చే సిగ్నల్‌కి తగ్గట్టు యాంప్‌ని సరిచేసే స్క్రూ) దగ్గర మొదలుపెడదామనుకున్నాను. పోయినసారి ఇచ్చిన లెక్కకి మీరు రాసిన జవాబులు చూశాక ఆగాల్సి వచ్చింది. లెక్క గుర్తుందిగా: డ్యూయల్ 4 ఓమ్ (కరెంటుకి ఎంత అడ్డు పడుతుందో చెప్పే కొలత) సబ్‌లు, అంటే బేస్ కోసం పెట్టే సబ్‌వూఫర్లు రెండు, ఒక్కోటి 400 వాట్స్ ఆర్‌ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే వాట్స్). మోనో యాంప్ (ఒకే ఛానల్ ఉన్న యాంప్లిఫయర్) ఒకటి, 1 ఓమ్ దగ్గర 1000 వాట్స్ ఇస్తుంది. ఎలా కలపాలి? చాలామంది "ప్యారలల్‌లో కలిపితే 2 ఓమ్ వస్తుంది" అని రాశారు (ప్యారలల్ అంటే ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట). ఇద్దరు ముగ్గురైతే రాసి ఊరుకోకుండా కలిపేశారు కూడా. యాంప్ మీద ఎర్ర లైటు (తనని కాపాడుకోవడానికి ఆగిపోయిందన్న గుర్తు) వెలిగాక నన్ను అడిగారు.

తప్పులో నా వాటా ఉంది. "డ్యూయల్ 4 ఓమ్" అన్నప్పుడు ఆ 4 ఎవరిదో నేను గట్టిగా చెప్పలేదు. అది సబ్‌ది కాదు, కాయిల్‌ది, అంటే సబ్ ముందు ఊగే కోన్‌ని కదిలించే తీగ చుట్టది. ఒక్కో సబ్‌లో రెండు కాయిల్స్, ఒక్కోటి 4 ఓమ్. రెండు సబ్‌లు అంటే నాలుగు కాయిల్స్. నాలుగూ ప్యారలల్‌లో పెడితే 4ని 4తో భాగించండి, 1 ఓమ్. ఒక్కో సబ్‌లోని రెండు కాయిల్స్‌ని సిరీస్ చేసి (ఒకదాని మైనస్ ఇంకోదాని ప్లస్‌కి కలిపితే 8 ఓమ్), ఆ రెండు సబ్‌లని ప్యారలల్ చేస్తే 4 ఓమ్. అన్నీ సిరీస్ చేస్తే 16. అంతే. నాలుగు కాయిల్స్‌కీ సమానంగా పవర్ అందేలా వీటితో 2 ఓమ్ తెప్పించడం కుదరదు. మీరు 2 ఓమ్ అనుకుని కలిపింది నిజానికి 1 ఓమ్. యాంప్ 1 ఓమ్‌ని తట్టుకునేదైతే ఏమీ కాదు. 2 ఓమ్ వరకే తట్టుకునేదైతే ఎర్ర లైటు.

ఒకరు తెలివిగా ఒక్కో సబ్‌లో ఒక కాయిల్‌ని వదిలేసి, మిగతా రెండింటినీ ప్యారలల్ చేసి 2 ఓమ్ రప్పించారు. లెక్క కరెక్టే. కానీ వదిలేసిన కాయిల్ పని చేయదు కాబట్టి, ఆ సబ్ తట్టుకునే వాట్స్ సగానికి పడిపోతాయి. పైగా కోన్‌ని పట్టి ఆపే శక్తి తగ్గి, బాక్స్ కోసం వేసుకున్న కొలతలు కూడా తప్పిపోతాయి. ఇలా చేయకండి.

ఇంకో కంగారు మల్టీమీటర్ గురించి. 4 ఓమ్ కాయిల్ మీద 3.5 చూపిస్తోందని, కాయిల్ పాడైందేమోనని అడిగారు. పాడవలేదు. మీటర్ కొలిచేది డీసీ రెసిస్టెన్స్, అది మామూలుగా రాసిన అంకె కన్నా కొంచెం తక్కువే ఉంటుంది. నాలుగు కాయిల్స్ ప్యారలల్ చేసినప్పుడు 0.8, 0.9 కనిపించినా టెన్షన్ పడకండి. ఇంత చిన్న అంకెల దగ్గర మీటర్ వైర్ల సొంత రెసిస్టెన్స్ కూడా కలిసిపోతుంది. ముందు రెండు ప్రోబ్‌లు ఒకదానికొకటి తాకించి, వచ్చిన అంకెని తీసేయండి.

బ్రిడ్జ్ చేసినవాళ్లకి (రెండు ఛానళ్లని కలిపి ఒకే సబ్‌కి ఇచ్చినవాళ్లకి) ఒక్క మాట. రెండు ఛానళ్ల యాంప్‌ని బ్రిడ్జ్ చేసి 4 ఓమ్ సబ్ పెడితే, లోపల ఒక్కో ఛానల్‌కి అది 2 ఓమ్‌లా అనిపిస్తుంది. అందుకే ఛానల్‌కి 2 ఓమ్ వరకు ఓకే అన్న యాంప్ బ్రిడ్జ్‌లో 4 ఓమ్ దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు పాఠం. యాంప్ వాట్స్ అనేవి ఒంటరి అంకె కాదు, "ఎన్ని ఓమ్స్ దగ్గర" అన్నది పక్కన లేకపోతే దానికి అర్థం లేదు. 1 ఓమ్ దగ్గర 1000 ఇచ్చే యాంప్ 2 ఓమ్ దగ్గర 600, 4 ఓమ్ దగ్గర 350 ఇస్తుందనుకుందాం. దీన్ని 4 ఓమ్‌కి కలిపి "వెయ్యి వాట్ల యాంప్ పెట్టాను, బేస్ రావట్లేదు" అంటే, మీరు పెట్టింది 350 వాట్ల యాంప్. కాబట్టి వరుస ఇది: సబ్‌లన్నిటి ఆర్‌ఎంఎస్ కూడండి, కాయిల్స్‌తో ఏయే ఓమ్స్ వస్తాయో రాసుకోండి, ఆ ఓమ్స్ దగ్గర యాంప్ ఎంత ఇస్తుందో మాన్యువల్‌లో చూడండి. పీక్, మ్యాక్స్ అని రాసిన అంకెలు నేను చదవను కూడా.

మీరు 2 ఓమ్ దగ్గర 500 ఇచ్చే యాంప్ కొనేశారు, 500 వాట్స్ సబ్ ఒకటి నచ్చింది అనుకోండి. అది డ్యూయల్ 2 ఓమ్ అయితే మీకు 1 గానీ 4 గానీ వస్తుంది, 2 రాదు. అదే మోడల్ డ్యూయల్ 4 ఓమ్‌లో తీసుకుంటే ప్యారలల్‌లో సరిగ్గా 2. చాలా మోడళ్లు రెండు రకాల్లోనూ దొరుకుతాయి. మోడల్‌ని సౌండ్ చూసి ఎంచుకోండి, కాయిల్‌ని యాంప్ చూసి ఎంచుకోండి.

సబ్ 800 అయితే యాంప్ 800 నుంచి 1000 మధ్య ఉండటం నాకిష్టం. కొంచెం మిగులు ఉంటే యాంప్ హాయిగా పని చేస్తుంది. 600 ఉన్నా పర్లేదు. 600కీ 800కీ తేడా ఒక డెసిబెల్ పైచిలుకే, చెవి దాన్ని పట్టుకోవడం కష్టం. వాట్స్ రెట్టింపు చేస్తేనే 3 డెసిబెల్స్ పెరుగుతాయి. శబ్దం రెట్టింపు అయినట్టు అనిపించాలంటే దాదాపు పదింతలు వాట్స్ కావాలి.

యాంప్ మీద 2000 వాట్స్ అని పెద్ద అక్షరాలు ఉండి, మాన్యువల్‌లో ఆర్‌ఎంఎస్ కనబడకపోతే నేను ఫ్యూజ్ చూస్తాను. 30 యాంపియర్ల ఫ్యూజ్ ఒక్కటే ఉందా? 30ని 14 వోల్టులతో గుణిస్తే 420. క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) కాబట్టి అందులో 80 శాతం బయటికొస్తుందనుకున్నా 336 దాటదు. కొన్ని పెద్ద యాంప్‌లకి ఒంటి మీద ఫ్యూజే ఉండదు, అక్కడ ఈ చిట్కా పనికిరాదు. సీఈఏ-2006 (యాంప్ వాట్స్ కొలిచే ప్రమాణం) అని రాసి ఉంటే మాత్రం ఆ అంకెని నమ్ముతాను. అది 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్ మీద, 1 శాతం డిస్టార్షన్ లోపు కొలిచిన అంకె.

ఇక నాకు ఒళ్లు మండించే మాట: "యాంప్ చిన్నదైతే సబ్ కాలిపోతుంది." పోయిన పాఠం తర్వాత ఇది మళ్లీ మళ్లీ అడిగారు, కాబట్టి నిదానంగా చెబుతాను. ఇదే నిజమైతే వాల్యూమ్ తగ్గించి పాట వింటున్న ప్రతిసారీ సబ్ కాలిపోవాలి. అప్పుడు దానికి అందేది రెండు మూడు వాట్స్. కాయిల్‌ని కాల్చేది వేడి. వేడి పుట్టేది ఎక్కువ వాట్స్ వల్ల, తక్కువ వాట్స్ వల్ల కాదు.

మరి చిన్న యాంప్‌తో సబ్‌లు పోవడం మనం చూస్తున్నాం కదా? అవును, క్లిప్పింగ్ (వేవ్ తల కత్తిరించుకుపోవడం) వల్ల. 4 ఓమ్ దగ్గర 300 వాట్స్ ఇచ్చే యాంప్ తీసుకోండి. 300ని 4తో గుణిస్తే 1200, దాని వర్గమూలం 34.6 వోల్టులు. సైన్ వేవ్ శిఖరం దగ్గర అది 49 వోల్టులు. యాంప్‌కి ఇంతకు మించి వోల్టేజ్ లేదు. గెయిన్ ఇంకా పెంచితే వేవ్ తల, అడుగు కత్తిరించినట్టు చదునైపోతుంది. పూర్తిగా చదునైతే 49 వోల్టులు ఆగకుండా కాయిల్ మీదే ఉంటాయి. 49ని 49తో గుణించి 4తో భాగించండి: 600. అంటే 300 వాట్ల యాంప్, పవర్ సప్లై తట్టుకున్నంత వరకు, 600 వాట్ల దాకా వేడి పుట్టించగలదు.

ఇప్పుడు ఆ యాంప్‌ని 800 వాట్స్ సబ్‌కి పెట్టండి. సౌండ్ చెండాలంగా ఉంటుంది, కాయిల్‌కి ఏమీ కాదు. 300 వాట్స్ సబ్‌కి పెట్టండి. కాగితం మీద చక్కగా సరిపోయిన జత, కానీ కాలేది ఇదే. చిన్న యాంప్ కొన్నవాళ్లు తృప్తి చాలక గెయిన్ చివరిదాకా తిప్పి, పైన బేస్ బూస్ట్ పెడతారు. 6 డెసిబెల్స్ బూస్ట్ అంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర నాలుగు రెట్లు వాట్స్ అడగడం, 12 అంటే పదహారు రెట్లు. యాంప్ అంత ఇవ్వలేదు, క్లిప్ అవుతుంది. నా కార్లో బూస్ట్ నాబ్ సున్నా మీద పెట్టి పైన టేపు అంటించాను.

వేడి కాక ఇంకో రకం చావు ఉంది. పోర్టెడ్ బాక్స్‌లో (గాలి గొట్టం ఉన్న బాక్స్) ట్యూనింగ్ (ఆ గొట్టం మోగే ఫ్రీక్వెన్సీ) కన్నా కింది ఫ్రీక్వెన్సీల దగ్గర కోన్‌కి గాలి ఆసరా ఉండదు. ఆర్‌ఎంఎస్‌లో సగం వాట్స్‌కే కోన్ హద్దు దాటి కొట్టుకుంటుంది. బాక్స్ 35 హెర్ట్జ్‌కి ట్యూన్ అయి ఉంటే సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలని ఆపేది) 30 దగ్గర పెట్టండి. కాలిన వాసన వస్తే వేడి, టకటక శబ్దం వస్తే ఇది.

గెయిన్ పెట్టడం ఇప్పుడు ఐదు నిమిషాల పని. సబ్ వైర్లు యాంప్ నుంచి తీసేయండి. ఈక్వలైజర్, లౌడ్‌నెస్, బూస్ట్ అన్నీ సున్నా. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, గెయిన్ పూర్తిగా తగ్గించి, 50 హెర్ట్జ్ టోన్‌ని 0 డెసిబెల్ (పూర్తి స్థాయి) రికార్డింగ్‌తో ప్లే చేయండి. హెడ్ యూనిట్ (కారు స్టీరియో) వాల్యూమ్ నాలుగింట మూడు వంతులు. మీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టి, యాంప్ స్పీకర్ టెర్మినల్స్ మీద ఆనించి, లెక్కవేసిన వోల్టేజ్ (వాట్స్‌ని ఓమ్స్‌తో గుణించి తీసిన వర్గమూలం) వచ్చేవరకు గెయిన్ నెమ్మదిగా తిప్పండి. సబ్, యాంప్ రెండింటిలో ఏది తక్కువైతే ఆ వాట్స్ తీసుకోవాలి. 800 వాట్స్, 1 ఓమ్: 28.3 వోల్టులు. 500 వాట్స్, 2 ఓమ్: 31.6. లోడ్ లేకుండా యాంప్ వోల్టేజ్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది కాబట్టి నేను 800కి బదులు 700కి లెక్కేసి 26.5 దగ్గర ఆపుతాను. కొందరు మైనస్ 5 డెసిబెల్ టోన్ వాడి కాస్త ఎక్కువ గెయిన్ తెచ్చుకుంటారు, నాకు నచ్చదు. నాబ్ సగంలోనే ఆగిపోయిందని బాధపడొద్దు. అది వాల్యూమ్ కాదు, మీ హెడ్ యూనిట్ పంపే సిగ్నల్‌కి యాంప్‌ని సరిచేసే స్క్రూ.

వైర్ల సంగతి 2వ పాఠంలో అయిపోయింది. 800 వాట్స్ కోసం బ్యాటరీ నుంచి 70 యాంపియర్ల పైన లాగొచ్చని, ఫ్యూజ్ బ్యాటరీకి రెండు జానల లోపే ఉండాలని మాత్రం మరచిపోకండి.

అభ్యాసం. ఈసారి కొంచెం గట్టిదే. డ్యూయల్ 2 ఓమ్ సబ్‌లు మూడు, ఒక్కోటి 300 వాట్స్ ఆర్‌ఎంఎస్. మొదటి యాంప్ 1 ఓమ్ దగ్గర 1000, 2 ఓమ్ దగ్గర 600 ఇస్తుంది. రెండోది 2 ఓమ్ దగ్గర 900, 4 ఓమ్ దగ్గర 500 ఇస్తుంది, 2 కన్నా కిందికి దిగదు. అన్ని కాయిల్స్‌కీ సమానంగా పవర్ అందేలా ఎన్ని రకాలుగా కలపొచ్చు, ఒక్కో రకానికి ఎన్ని ఓమ్స్, ఏ యాంప్ తీసుకుంటారు, గెయిన్ ఎన్ని వోల్టుల దగ్గర ఆపుతారు? ఏ కాయిల్ ప్లస్ ఎక్కడికి, మైనస్ ఎక్కడికి వెళ్లిందో బొమ్మ గీసి పంపండి. బొమ్మ లేకుండా ఒట్టి అంకె పంపితే దిద్దను.