గంటల లెక్క కాంట్రాక్టును ఇలా దారిలో పెట్టాను

2017 ఆగస్టులో హార్వీ తుఫాను టెక్సస్‌ను ముంచెత్తినప్పుడు నేను అక్కడ ఓ చిన్న ఊరి మున్సిపల్ ఆఫీసులో కొనుగోళ్లు చూసేవాణ్ణి. వీధుల నిండా తడిసిన సోఫాలు, పరుపులు. వాటిని ఎత్తించడానికి తెలిసిన కాంట్రాక్టరును ఫోన్లోనే పిలిచేశాం. ప్రాణాల మీదికొచ్చినప్పుడు పోటీ టెండరు లేకున్నా ఫెడరల్ నిబంధనలు ఒప్పుకుంటాయి. అత్యవసరం తీరాక కూడా అదే ఒప్పందాన్ని సాగదీయడమే తప్పు.

రెండు వారాలకు కాగితాలు చూస్తే గుండె జారింది. గంటల లెక్కన కూలి, దానికి పరిమితి లేదు. పైగా అయిన ఖర్చు మీద 10 శాతం లాభమట! ఫెడరల్ గ్రాంటు డబ్బు ఖర్చుకు వర్తించే నియమావళి 2 సి.ఎఫ్.ఆర్. 200 ఈ శాతం లాభాన్ని పూర్తిగా నిషేధించింది. ఖర్చు పెరిగేకొద్దీ లాభం పెరుగుతుంటే పొదుపు ఎవడు చేస్తాడు? విపత్తు ఖర్చులు తిరిగిచ్చే ఫెడరల్ సంస్థ ఫెమా డబ్బు ఇవ్వనంటే భారం ఊరి మీదే.

ముందు ఆ శాతం తీయించి, లాభాన్ని విడిగా బేరమాడాం. గరిష్ఠ మొత్తం పెట్టాం. దాటితే నష్టం కాంట్రాక్టరుదే. వేరే రకం ఒప్పందం ఎందుకు కుదరలేదో, అత్యవసరం ఏ తేదీ వరకో రాసి ఫైల్లో పెట్టాను. మిగతా పనికి గంటల లెక్క కాకుండా, ఎత్తిన చెత్త క్యూబిక్ యార్డుకు ఇంత అని బహిరంగ టెండరు పిలిచాం. గెలిచినవాళ్లు ఫెడరల్ నిషేధిత జాబితాలో లేరని చూసి, ఆ పేజీ ప్రింటు దాచాను. ఆడిటర్ మొదట అడిగింది ఆ ప్రింటే.