మాగ్నెటిక్ ద్వీపంలో అడవి బాటలు నడవడం ఎలా?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, టౌన్స్‌విల్ నగరానికి ఎదురుగా సుమారు 8 కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్య ఉంటుంది మాగ్నెటిక్ ద్వీపం. ఫెర్రీ ఎక్కితే అరగంట కూడా పట్టదు. సెలవులకు వచ్చేవాళ్లు చాలామంది బీచ్‌లు చూసి, అద్దె కారులో ఒక చుట్టు తిరిగి వెళ్లిపోతారు. ద్వీపంలో సగానికి పైగా జాతీయ ఉద్యానవనమే. దాన్ని చూడాలంటే నడవాల్సిందే.

నడవాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. మొత్తం విస్తీర్ణం 52 చదరపు కిలోమీటర్లే, ఊళ్లలో హోటళ్లూ కాఫీ దుకాణాలూ ఉన్నాయి కదా అని తేలిగ్గా తీసుకోకండి. బాట ఎక్కాక నీళ్ల కుళాయి కనిపించదు, చాలాచోట్ల నీడా ఉండదు. ఇక్కడ లెక్క వేసుకోవాల్సింది దూరాన్ని కాదు, ఎండను.

నెల, బాట ఎంచుకోండి

మే నుంచి సెప్టెంబరు వరకు నడకకు అనువైన కాలం. జూలైలో పగటి వేడి 25 డిగ్రీల దగ్గరే ఉంటుంది. జనవరిలో 31 దాకా వెళ్తుంది. మన ఎండల ముందు ఇదెంత అనుకోవద్దు. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు, గాలి నిండా తేమ. చెమట ఆరదు, ఎక్కుడు మొదలైన కాసేపటికే నీరసం వస్తుంది.

ఒక్కరోజే ఉంటే మరో ఆలోచన లేకుండా ఫోర్ట్స్ వాక్‌కు, అంటే కొండ మీది పాత యుద్ధకాలపు కోటకు తీసుకెళ్లే బాటకు వెళ్లండి. రానూపోనూ 4 కిలోమీటర్లు, రెండు గంటల నడక. చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు పిక్నిక్ బే ఊరి దగ్గరున్న హాకింగ్స్ పాయింట్ ఎక్కవచ్చు. గంటలో తిరిగి వచ్చేయవచ్చు, పైనుంచి ఊరూ సముద్రమూ చక్కగా కనిపిస్తాయి. నడక అలవాటున్నవాళ్లకు నెల్లీ బే ఊరి నుంచి కొండ మీదుగా ఆర్కేడియా ఊరికి చేరే బాట బాగుంటుంది, దానికి ఒక పూట కేటాయించాలి. వెస్ట్ పాయింట్ వైపు పోయే పొడవాటి మట్టిరోడ్డు జోలికి మాత్రం నేనైతే పోను. ఎండలో అంత దూరం రోడ్డు మీద నడిచే ఓపికే ఉంటే దాన్ని కొండ ఎక్కడానికి వాడుకోవచ్చు.

ముందురోజు సాయంత్రం

క్వీన్స్‌లాండ్ పార్కుల శాఖ వెబ్‌సైట్‌లో ఆ బాట తెరిచి ఉందో లేదో చూడండి. ఎండాకాలపు మంటలు అదుపు తప్పకుండా అధికారులే ముందుగా కొంత అడవిని తగలబెడుతుంటారు, అప్పుడు బాటలు మూసేస్తారు. మ్యాపును ఫోనులోకి దించుకోండి. కొండ మలుపుల్లో సిగ్నల్ అందుతుందన్న నమ్మకం లేదు.

సంచిలో మనిషికి రెండు లీటర్ల నీళ్లు, అంచున్న టోపీ, ఎండ నుంచి కాపాడే క్రీము, ఉప్పగా ఏదైనా తినుబండారం, పొడవాటి సాగే బ్యాండేజీ ఒకటి పెట్టుకోండి. బ్యాండేజీ ఎందుకో కింద చెబుతాను. బాట మీద గులకరాళ్లు జారుతుంటాయి కాబట్టి చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి.

ఏడింటికల్లా బాట మీద ఉండండి

ఆర్కేడియా నుంచి హార్స్‌షూ బే వెళ్లే రోడ్డు మీద, రాడికల్ బే రోడ్డు చీలే చోట ఫోర్ట్స్ బస్‌స్టాప్ ఉంటుంది. బాట మొదలయ్యేది అక్కడే. మొదట వెడల్పుగా, నిదానంగా ఎక్కుతుంది. రెండువైపులా యూకలిప్టస్ చెట్లు, గుట్టలుగా పేర్చినట్టున్న గ్రానైట్ బండలు. హైదరాబాద్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఆ బండలు చూస్తే సొంతూరి గుట్టలు గుర్తొస్తాయి, వెనకాల నీలంగా కనిపించే సముద్రమొక్కటే కొత్త.

ఇక్కడ వేగంగా నడిచేవాళ్లకు, చెట్ల మీదే బతికే కోలా అనే జంతువులు కనిపించవు. 1930లలో బయటినుంచి తెచ్చి వదిలిన కోలాల సంతతి ఇది. రోజులో 18 గంటలకు పైగా నిద్రపోతాయి కాబట్టి కదలిక కోసం చూసి లాభం లేదు. కొమ్మ చీలే చోట బూడిదరంగు ముద్ద ఏదైనా ఇరుక్కుని ఉందా అని చూడండి. మాను మీద గోళ్ల గీతలు, మొదట్లో ఎండిన పెంటికలు కనిపిస్తే తల పైకెత్తి ఆ చెట్టును నాలుగువైపుల నుంచీ పరిశీలించండి. ఎదురుగా నలుగురు మెడలు పైకెత్తి నిలబడి ఉంటే ఇంకా సులువు. కనిపించాక గొంతు తగ్గించండి, కొమ్మ ఊపి లేపే ప్రయత్నం చేయకండి.

పైకి వెళ్లేకొద్దీ కాంక్రీటు కట్టడాలు ఒక్కొక్కటే బయటపడతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో టౌన్స్‌విల్ మిత్రరాజ్యాలకు పెద్ద స్థావరం. 1942 జూలైలో జపాన్ విమానాలు వచ్చి ఆ నగరంపై బాంబులు వేశాయి. రేవుకు కాపలాగా ఈ కొండ మీద 1942-43లో కోటను కట్టారు. ఫిరంగులు ఇప్పుడు లేవు, వాటిని నిలిపిన గుండ్రటి కాంక్రీటు వేదికలు మిగిలాయి. కమాండ్ పోస్టు మెట్లు ఎక్కితే కింద ఒకదాని వెనక ఒకటిగా తీరపు వంపులు, కొండకొమ్ముల మీద నిటారుగా హూప్ పైన్ చెట్లు కనిపిస్తాయి. అప్పటి సైనికుడు ఇక్కడ నిలబడి ఏం కాపలా కాశాడో బోర్డులు చదవకుండానే అర్థమవుతుంది. నీళ్లు తాగి కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

పాము గురించి

డెత్ ఆడర్ అనే విషసర్పం ఈ ద్వీపంలో ఉంది. పొట్టిగా, లావుగా ఉండి రాలిన ఆకుల్లో కలిసిపోతుంది. అడుగుల చప్పుడుకు తప్పుకొనే రకం కాదు, ఉన్నచోటే ఉంటుంది. అందుకే బాట వదిలి ఆకుల్లో కాలు పెట్టవద్దు, చీకటి పడితే టార్చి లేకుండా నడవవద్దు. కాటు పడితే కడగకండి, కోయకండి. బ్యాండేజీని ఆ కాలో చెయ్యో అంతటికీ గట్టిగా చుట్టి, కదలకుండా ఉంచి, ఆస్ట్రేలియా అత్యవసర నంబరు 000కు ఫోన్ చేయండి.

ఓపిక ఉంటే కిందికి, బీచ్‌ల వైపు

కొండ దిగి బస్సెక్కకుండా రాడికల్ బే రోడ్డు పడితే ఆర్థర్ బే, ఫ్లోరెన్స్ బే, రాడికల్ బే వరుసగా వస్తాయి. రాడికల్ బే నుంచి అడవి బాటలో కొండ దాటితే హార్స్‌షూ బే. మధ్యలో బాల్డింగ్ బేకు చీలే దారి ఉంది. అక్కడ ఒంటి మీద నూలుపోగు లేకుండా ఈదేవాళ్లు ఉండవచ్చు, పెద్దలతోనూ పిల్లలతోనూ వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది.

చెమటతో వచ్చి నీళ్లు చూడగానే దూకాలనిపిస్తుంది. నవంబరు నుంచి మే దాకా ప్రాణాంతకమైన జెల్లీ చేపల కాలం. ఆ నెలల్లో వల కట్టిన చోటే దిగండి, ఒంటినంతా కప్పే ఈత దుస్తులు వేసుకోండి. కుడితే పోయడానికి తీరంలో వెనిగర్ సీసాలు పెట్టి ఉంటాయి.

సాయంత్రం ఆర్కేడియాలోని జెఫ్రీ బే దగ్గర బండల మధ్య నుంచి రాక్ వాలబీలు వస్తాయి. ఇవి కంగారూల చిన్న బంధువులు. చేతిలో తినేదేమైనా ఉందా అని దగ్గరకే వస్తాయి. బ్రెడ్డు, బిస్కెట్లు వాటికి జబ్బు చేస్తాయి, పెట్టకండి.

రాత్రి ద్వీపంలో ఉండేవాళ్లు పసిబిడ్డ ఏడుస్తున్నట్టు అరుపులు వినిపిస్తే కంగారు పడవద్దు, అది కర్లూ అనే పక్షి. టౌన్స్‌విల్ తిరిగి వెళ్లేవాళ్లు చివరి ఫెర్రీ వేళను టికెట్ కొన్నప్పుడే అడిగి రాసుకోండి. ఫెర్రీ బయలుదేరేది నెల్లీ బే నుంచి. నడక ముగిసేది హార్స్‌షూ బేలో అయితే కొండ దాటి బస్సులో రావాలి, అందుకని చివరి బస్సు కోసం ఆగకుండా దాని ముందు బస్సే ఎక్కండి.