ఇష్టమైన కారును విదేశానికి తీసుకెళ్తున్నారా? ముందు ఆర్‌సీ చూడండి

ఇంట్లో మనిషిలా పెరిగిన కారును నల్లగొండలో వదిలి వెళ్లాలంటే ప్రాణం ఒప్పదు. వెంట తీసుకెళ్లాలనుకుంటే, ఓడ ఖర్చు అడగకముందే ఆర్‌సీలో కారు తయారైన నెల, సంవత్సరం చూడండి.

అమెరికా భద్రతా ప్రమాణాల ప్రకారం తయారుకాని కారుకు 25 ఏళ్లు నిండితే అమెరికాకు దారి సులువు. లెక్క తయారైన తేదీ నుంచి, రిజిస్ట్రేషన్ నుంచి కాదు. అంటే 1998 మారుతి 800కి అవకాశం ఉంది, 2015 స్విఫ్ట్‌కు దాదాపు లేనట్టే. పొగ నిబంధనల మినహాయింపుకు 21 ఏళ్లు చాలు కానీ, ఇంజిన్ అసలుదే ఉండాలి. మధ్యలో గ్యాస్ కిట్ పెట్టించి ఉంటే ఆ సంగతి ముందే తేల్చుకోండి.

ఆస్ట్రేలియాకైతే బండి ఓడ ఎక్కకముందే దిగుమతి అనుమతి చేతికి రావాలి. పాత బ్రేక్ లైనింగుల్లో, గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటే అసలు రానివ్వరు.

ఇక మన ఎర్రమట్టి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఈ రెండు దేశాలూ మట్టి అంటిన బండిని ఒప్పుకోవు. మామూలు వాటర్ సర్వీసింగ్ సరిపోదు. లిఫ్ట్ మీద ఎక్కించి మడ్‌గార్డుల లోపల, ఛాసిస్ సందుల్లో దగ్గరుండి కడిగించండి. స్టెప్నీ తీసి కింద చూడండి, పొలానికి వెళ్లొచ్చిన బండైతే వడ్ల గింజలు, గడ్డిపోచలు అక్కడే దాక్కుంటాయి. మ్యాట్ల కింద కూడా.

లోన్ తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటే, అప్పు తీరిందని తెలిపే ఫారం 35తో ఆ పేరు ముందే తీయించేయండి.