బడితోట – మూడో పాఠం: విత్తే ముందు మొలక పరీక్ష

మడి తవ్వి, చివికిన ఎరువు కలిపి సిద్ధం చేయడం గత పాఠంలో పూర్తయింది. పిల్లలు ఈపాటికే విత్తనాల పొట్లం చింపడానికి తొందరపడుతూ ఉంటారు. ఇంకో వారం ఆపండి. ఆ గింజల్లో ప్రాణం ఉందో లేదో ముందు వాళ్లే తేల్చాలి. నర్సరీ మొక్కలు తెచ్చి నాటి, పేర్ల పలకలు తగిలిస్తే తోట ఒక్క పూటలో తయారవుతుంది, నిజమే. కానీ పాఠంలో అసలు భాగం అప్పటికే నర్సరీలో అయిపోయి ఉంటుంది.

ఈ పరీక్షకు బొబ్బర్లు అనువైనవి. గింజ పెద్దది, త్వరగా మొలుస్తుంది. పప్పుగా విరిచినవి పనికిరావు, గింజ నిండుగా ఉండాలి. ఎరుపో నీలమో రంగు పూసి అమ్మే విత్తనాలకు సాధారణంగా శిలీంధ్రనాశక మందు పట్టించి ఉంటుంది. వాటిని పిల్లల చేతికి ఇవ్వనే వద్దు.

పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, జట్టుకు 10 గింజల చొప్పున పంచండి. పాత నూలు గుడ్డను తడిపి, గట్టిగా పిండి, దాని మీద గింజలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి చుట్టాలి. గుడ్డ చెమ్మగా ఉంటే చాలు. నీట మునిగిన గింజకు గాలి అందదు, కుళ్లిపోతుంది. రోజూ విప్పి చూసి, వేరు బయటపడ్డ గింజలెన్నో రాసుకోవాలి. వాతావరణం వెచ్చగా ఉంటే రెండు మూడు రోజుల్లో తెల్లని కొన కనిపిస్తుంది. వారానికి లెక్క ముగించవచ్చు.

అసలు చర్చ ఇక్కడ మొదలవుతుంది. ఒకే పొట్లంలోని గింజలే అయినా ఒక జట్టుకు తొమ్మిది, పక్క జట్టుకు ఐదు మొలవవచ్చు. ఐదు వచ్చినవాళ్లు తమదే తప్పనుకుని ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఎవరి లెక్క నిజమని తరగతిని అడగండి. వాదన కాసేపు సాగనిచ్చి, అన్ని జట్ల గింజలూ కలిపి లెక్కపెట్టించండి. పది జట్లుంటే మొత్తం 100 గింజలు. అప్పుడు మొలిచిన సంఖ్యే మొలక శాతం. పదింటితో తీర్పు చెప్పకూడదన్న సంగతి వాళ్లకు అక్కడే తట్టాలి, మీరు నల్లబల్ల మీద రాయకూడదు. తర్వాత ఇంకో ప్రశ్న: 60 శాతం మొలిస్తే, మడిలో 30 మొక్కలు కావాలంటే ఎన్ని గింజలు విత్తాలి? చాలామంది 48 అనో 42 అనో అంటారు. 50 అని వాళ్లే రాబట్టేదాకా ఓపిక పట్టండి.

ఇక విత్తడం. పిల్లలు గింజను వేలు దిగినంత లోతుకు తోస్తారు. లోతుగా ఉంటే భద్రమని వాళ్ల నమ్మకం. గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు చాలు. అంత కొలతకు పెన్సిలు మీద గీత గీసి ఇవ్వండి. తోటకూర లాంటి సన్నని విత్తనాలను పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి కప్పితే సరిపోతుంది. మడిని విత్తే ముందే తడపాలి. విత్తాక బకెట్‌తో కుమ్మరిస్తే గింజలు కొట్టుకుపోతాయి. మడిలో నీరు నిలిస్తే లేత మొక్కలకు నారుకుళ్లు తగులుతుంది. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే పోయాలన్న నియమం పెట్టండి.

రెండో రోజుకే ఎవరో ఒకరు మట్టి తవ్వి చూస్తారు. తిట్టకండి. చూడాలన్న ఆత్రమే ఈ పాఠానికి పెట్టుబడి. దానికోసం ఒక కుండీ కేటాయించండి. అందులోంచి రోజుకొక గింజ తవ్వి, బొమ్మ గీసుకోవచ్చు. మడి మీద మాత్రం చేయి వేయకూడదు. ఆ కుండీలో సగం బొబ్బర్లు, సగం శనగలు పెడితే ఇంకా మంచిది. బొబ్బర మొలక తన రెండు బీజదళాలనూ, అంటే గింజలోని పప్పు బద్దలనూ, నేల పైకి మోసుకొస్తుంది. శనగ వాటిని మట్టిలోనే వదిలి, చిగురును మాత్రమే పైకి పంపుతుంది. ఈ తేడాను మీరు ముందే చెప్పేస్తే బొమ్మలు గీయించడం దండగ.

గింజను తలకిందులుగా పెడితే వేరు పైకి వస్తుందా అని తప్పకుండా అడుగుతారు. గాజు సీసా లోపలి గోడకు తడి కాగితం ఆనించి, దానికీ గాజుకూ మధ్య గింజలను రకరకాలుగా నిలబెట్టించండి. వేళ్లన్నీ కిందికే తిరుగుతాయి. వేరు కొనలోని పిండి రేణువులు బరువుకు కిందికి జారి దిక్కు తెలుపుతాయని పై తరగతుల వారికి చెప్పవచ్చు.

వచ్చే పాఠంలో ఒత్తు మొక్కలు తీసి పలుచన చేయడం నేర్చుకుంటాం. అందాకా ఒక్క మొక్కనూ పీకనివ్వకండి. ఎన్ని విత్తారో, ఎన్ని పైకి వచ్చాయో ప్రతి జట్టూ రాసి ఉంచాలి. గుడ్డలో వచ్చిన శాతం మడిలో సాధారణంగా రాదు. చీమలా, పక్షులా, పైన గట్టిపడిన మట్టా, కారణమేమిటో మడి దగ్గరే వెతకమనండి.