వాట్సాప్‌లో వైద్యానికి సాయం అడిగితే

"పాప ఆపరేషన్‌కి సాయం చేయండి" అన్న మెసేజ్ వస్తే ముందు ఆసుపత్రి పేరు, రోగి ఐపీ నంబర్ (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు రోగికి ఇచ్చే నంబర్) ఉన్నాయేమో చూడండి. మెసేజ్‌లో ఇచ్చిన నంబర్‌కి కాదు, ఆసుపత్రి వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి బిల్లింగ్ కౌంటర్‌ని అడగండి. వీలైతే ఆ ఐపీ నంబర్ మీదే నేరుగా కట్టండి, అన్నిటికన్నా మంచి దారి అదే.

మోసగాళ్లు పాత ఫొటోకి కొత్త క్యూఆర్ కోడ్ అతికించి తిప్పుతుంటారు. అందుకే స్కాన్ చేశాక తెరమీద వచ్చే ఖాతాదారు పేరు చదవండి. రోగి పేరుతో పొసగకపోతే ఎవరిదని అడగండి. బాబాయిదో మేనమామదో కావచ్చు, అడగడం తప్పు కాదు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, అడిగితే మోసమే. అప్పటికే డబ్బు పోయిందా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.