మీ గోళ్లకు ఏ షేపు నప్పుతుందో ఎలా తేల్చుకోవాలి?

బతుకమ్మ దగ్గరపడిందంటే మా వాడకట్టులో ఆడపిల్లలంతా గోళ్ల మీద పడతారు. ఫోన్‌లో ఎవరివో కొసదేలిన గోళ్లు చూస్తారు, గోళ్లు అరగదీసే ఫైలు తీసుకుని రెండు పక్కలా రుద్దేస్తారు. సద్దుల బతుకమ్మ నాటికి సగం గోళ్లు విరిగి ఉంటాయి. ఆ ఫొటోల్లో కనిపించే పొడుగాటి గోళ్లు చాలావరకు అతికించినవి. మన సొంత గోటికి షేపు ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి రెండే: గోరు మొదట్లో ఉన్న వంపు, ఆ చేత్తో రోజూ చేసే పని.

కావలసినవి

నెయిల్ కట్టర్, 240 గ్రిట్ (గరుకును చెప్పే అంకె) ఫైలు, పాత టూత్‌బ్రష్, కొంచెం కొబ్బరినూనె. నల్గొండలోనైనా పాలమూరులోనైనా ఫ్యాన్సీ షాపులో అడిగితే ఫైలు ఇస్తారు. దాని మీద 100 అని ఉంటే వద్దనండి, ఆ గరుకు అతికించిన గోళ్లకే. గాజు ఫైలు దొరికితే ఇంకా మంచిది. నెయిల్ కట్టర్‌లోనే మడిచి ఉండే ఇనుప రేకును మాత్రం గోటికి తాకించొద్దు. అది గోటి అంచును పొరలు పొరలుగా చీలుస్తుంది.

షేపు ఎంచుకోవడం

పాత రంగు తుడిచేసి, చేతిని బోర్లా చాపి కొంచెం దూరంగా పెట్టి చూడండి. గోరు మొదట్లో, చర్మం కలిసే చోట ఒక వంపు ఉంటుంది. అది గుండ్రంగా ఉంటే గోటి కొస కూడా గుండ్రంగానో, ఓవల్‌గానో ఉండాలి. ఆ వంపు దాదాపు గీత గీసినట్టు సాపుగా ఉంటే కొస కూడా సాపుగా ఉంచి, మూలలు మాత్రం కొద్దిగా అరగదీయాలి. దీన్నే స్క్వోవల్ అంటారు. మొదలు, కొస ఒకదానికొకటి జవాబు చెప్పినట్టుంటే ఏ చెయ్యైనా అందంగా కనిపిస్తుంది.

వేళ్లు పొట్టిగా, గోళ్లు వెడల్పుగా ఉన్నవాళ్లకు ఓవల్ నప్పుతుంది, వేలు కాస్త సాగినట్టు కనబడుతుంది. వాళ్లు స్క్వేర్ జోలికి పోకూడదు, వెడల్పు ఇంకా ఎక్కువై కనిపిస్తుంది. వేళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటే స్క్వోవల్ బాగుంటుంది. బాదం షేపు గోరు దళసరిగా ఉన్నవాళ్లకే. పల్చటి గోటిని అలా కొసదేలిస్తే నిలవదు.

ఇక పని సంగతి. మన దగ్గర జొన్న రొట్టె చేసే ఇల్లు ఎక్కువ. రొట్టె తట్టేటప్పుడు వేలి కొసలే పని చేస్తాయి. గోరు వేలి కొసను దాటి ముందుకొస్తే రొట్టెకు గాట్లు పడతాయి, పిండి గోటి కింద చేరి ఆరి గట్టిపడుతుంది. తెల్ల భాగం ఒకటి రెండు మిల్లీమీటర్లు మించకుండా గుండ్రంగా ఉంచుకుంటే ఆ ఇబ్బంది లేదు. పత్తి ఏరేవాళ్లకూ అదే చెబుతాను. పోచంపల్లి, గద్వాల, నారాయణపేటల్లో మగ్గం పని చేసే ఇళ్లలోనైతే పదునైన మూలలు అసలు పనికిరావు, పోగు తగులుకుంటుంది. పట్టుచీర కట్టుకునే రోజున ఆ బాధ మనకూ తెలుస్తుంది.

పక్కలు అరగదీయడం: అందరూ పాడుచేసేది ఇక్కడే

గోళ్లు పొడిగా ఉన్నప్పుడే ఫైలు పట్టండి. బట్టలుతికి వచ్చి, అంట్లు తోమి వచ్చి వెంటనే మొదలుపెట్టొద్దు, కనీసం అరగంట ఆగండి. ముందు గోరువెచ్చటి నీళ్లలో చేతులు నానబెట్టాలని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. నానిన గోరు మెత్తబడి వంగుతుంది, ఫైలు తగలగానే అంచు పీచులాగా లేస్తుంది. నానబెట్టాలనుకుంటే అంతా అయ్యాక నానబెట్టండి.

పది గోళ్లలో అన్నిటికంటే పొట్టి గోరేదో చూసి, మిగతావాటిని దాని పొడవుకు తెండి. కట్టర్‌తో ఒక్క నొక్కుకే కత్తిరించకుండా చిన్న చిన్నగా కత్తిరించండి.

ఇప్పుడు అరచేతిని మీ వైపు తిప్పుకుని వేళ్లు మడవండి. గోరు చర్మాన్ని వదిలి బయటికొచ్చే చోటు రెండు పక్కలా కనిపిస్తుంది. గోటి బలమంతా ఆ రెండు చోట్లే ఉంటుంది. ఫైలు అక్కడిదాకా పోకూడదు. అక్కడి నుంచి కనీసం ఒక మిల్లీమీటరు గోరు నిటారుగా ముందుకొచ్చాకే వంపు మొదలవ్వాలి. అందం కోసం ఇంకాస్త లోపలికి తోసారంటే, నాలుగు రోజుల తర్వాత బిందె ఎత్తేటప్పుడో, తలుపు గొళ్లెం తీసేటప్పుడో సరిగ్గా అక్కడే చీరుకుంటుంది. ఆ చీలిక గులాబీ రంగు భాగంలోకి పాకితే మంట భరించలేరు, అది పెరిగి బయటికొచ్చేదాకా ఆగాల్సిందే. చేతి గోరు నెలకు 3 మిల్లీమీటర్ల చొప్పునే పెరుగుతుంది.

ఫైలును గోటి కిందికి కొంచెం వాల్చి పట్టి, పక్క నుంచి మధ్యకు లాగండి. ఎత్తి మళ్లీ పక్క నుంచే మొదలుపెట్టండి. రంపం కోసినట్టు ముందుకూ వెనక్కూ ఆడించొద్దు. నాలుగైదు సార్లు లాగగానే రెండో పక్కకు మారండి. ఒక పక్క పూర్తిగా అయ్యాక రెండోది చేద్దామనుకుంటే రెండూ ఎప్పటికీ సమానం కావు, సరిచేస్తూ సరిచేస్తూ గోరే మిగలదు. మధ్యమధ్యలో టూత్‌బ్రష్‌తో తెల్లపొడి దులపండి, ఆ పొడి వల్ల అంచు ఎక్కడుందో తెలియదు. వేలిని కొస వైపు నుంచి, కళ్లకు ఎదురుగా పెట్టి చూస్తే గోటి రెండు పక్కలూ సమానంగా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది.

కుడిచేతి వాటం వాళ్లకు ఎడమచేతి గోళ్లు చక్కగా వస్తాయి, కుడిచేతివి వంకరపోతాయి. అందుకే ముందు కుడిచెయ్యి చేయండి, ఓపిక ఉన్నప్పుడే. ఎడమచేత్తో ఫైలును బల్ల అంచుకు ఆనించి కదలకుండా పట్టుకుని, గోటినే దాని మీద కదిలించండి.

ఆ తర్వాత

క్యూటికల్, అంటే గోటి మొదట్లో అంటుకుని ఉండే పల్చటి చర్మం, కత్తిరించకండి. గోటి మొదట్లోకి క్రిములు పోకుండా కాపాడేది అదే, కోస్తే గోరుచుట్టు లేస్తుంది. కొబ్బరినూనె రాసి మెత్తటి గుడ్డతో వెనక్కి నెట్టితే సరిపోతుంది. రంగు వేసేటట్టయితే నూనె శుభ్రంగా తుడిచాకే వేయండి, లేకపోతే నిలవదు. గోరింటాకు పెట్టుకునేవాళ్లు కూడా షేపు ముందే తెచ్చుకోవాలి, పండాక ఫైలు పడితే అంచు తెల్లబడుతుంది. పది పదిహేను రోజులకోసారి కొస మాత్రమే అరగదీస్తే షేపు అలాగే ఉంటుంది, పక్కల్ని మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.